చిన్న ఫైబర్ బోటుకు జీపీఎస్: పదిహేను వేలలో ఏది కొనాలి, కొన్నాక ఏం చేయాలి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది వాకాడు మండలం తీరం, ఇరవై ఎనిమిది అడుగుల ఫైబర్ బోటు, మీ నాయన, చిన్నాయన, నువ్వు ముగ్గురూ వేటకు పోతారు, పాతిక ముప్పై కిలోమీటర్ల లోపే వల వేస్తారు, చేతిలో ఉన్నది పదిహేను వేలు. చెన్నైలో ఒక అంగడాయన ఏడంగుళాల రంగుల తెర సెట్టు చూపించి వాయిదాల మీద ఇస్తానన్నాడు, ఊళ్లో స్నేహితుడేమో ఫోన్ ఉండగా ఇదంతా దండగ అన్నాడు, ఎవరి మాట వినాలి అన్నావు. ఇద్దరి మాటా వినొద్దు. పెన్సిల్ బ్యాటరీలతో నడిచే, బటన్లున్న చేతి సెట్టు ఒకటి కొత్తది కొనుక్కో. మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో కూడా చెబుతాను.

నేను పద్దెనిమిదో ఏట మా నాయన వెంట బోటు ఎక్కాను, మూడేళ్ల కిందటి దాకా వేటకు పోయాను, నడుము సహకరించక మానేసి ఇప్పుడు సూళ్లూరుపేటలో సెట్లు బాగుచేస్తున్నాను. మన తీరంలో వాడే చేతి సెట్లు, నీటి లోతూ చేపా చూపే ఫిష్ ఫైండర్లు ఏవి ఎందుకు పాడవుతాయో రోజూ విప్పి చూసేవాణ్ణి, కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను.

ముందు మీ బోటుకు జీపీఎస్‌తో ఏం పనో తేల్చుకోవాలి. నాకు తెలిసి మూడు పనులు. చీకట్లో, మంచులో, వానలో బయల్దేరిన మొగ (ఏరు సంద్రంలో కలిసే నోరు) దగ్గరికే తిరిగి రావడం ఒకటి. వల వేసిన చోటు, చేప పడ్డ చోటు గుర్తు పెట్టుకోవడం ఇంకొకటి. ఇంజను ఆగిపోతేనో మనిషి నీళ్లలో పడిపోతేనో మనం ఎక్కడున్నామో అంకెల్లో చెప్పగలగడం మూడోది. వీటిలో ఏ ఒక్కదానికీ రంగుల మ్యాపు అక్కర్లేదు. చాలామంది ఖరీదైన సెట్టు చోటు కూడా ఎక్కువ కచ్చితంగా చూపుతుందనుకుంటారు. 2000 మే దాకా అమెరికావాళ్లు మామూలు జనానికిచ్చే సిగ్నల్‌ను కావాలనే చెడగొట్టి, వంద మీటర్ల దాకా తేడా వచ్చేట్టు ఇచ్చేవాళ్లు. అది ఆపేశాక ఆకాశమంతా కనబడే సంద్రం మీద చిన్న సెట్టయినా పెద్ద సెట్టయినా మామూలుగా పది మీటర్ల లోపే చూపుతుంది. ఆ తేడాను సరిదిద్దడానికి మన దేశం శాటిలైట్ నుంచి పంపే గగన్ సిగ్నల్ అందుకునే సెట్టయితే ఆ తేడా ఇంకా తగ్గుతుంది. ధర పెంచితే తెర పెద్దదవుతుంది, మ్యాపు వస్తుంది, చేప లోతు చూపే సదుపాయం వస్తుంది, చూపే చోటు మాత్రం అదే.

ఫోన్ సంగతి. టవర్ సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, ఇది మనవాళ్లలో సగం మందికి తెలియదు, టవర్ పోగానే జీపీఎస్ కూడా పోయిందనుకుంటారు. పోయేది మ్యాపు బొమ్మ మాత్రమే, అది కూడా ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే వస్తుంది. అందుకని ఫోన్ పనికిరాదని నేను అనను, కానీ దాన్ని ఒక్కదాన్నే నమ్ముకుని పోవద్దంటాను. తడి చేత్తో, అందులోనూ ఉప్పు నీళ్ల చేత్తో టచ్ స్క్రీన్ ఎంత నొక్కినా పలకదు, నీటి చుక్క పడితే దానంతట అదే ఎక్కడికో పోతుంది. పొద్దున పదింటి తరవాత ఎండకు తెర కనబడదు. కనబడాలని వెలుగు పెంచితే బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది, నడిసంద్రంలో చార్జింగ్ ఎక్కడ పెడతావు? చేతి సెట్టులో అయితే రెండు పెన్సిల్ బ్యాటరీలు తీసి రెండు వేస్తే చాలు. ఫోన్‌ను జిప్ కవర్లో వేసి రెండోదిగా ఉంచు, అందులో కూడా మొగ పాయింటు, అంటే ఆ చోటు గుర్తు, దాచి పెట్టు.

ఇక చేతి సెట్లు. మన దగ్గర ఎక్కువగా కనబడేవి గార్మిన్‌వి. ఈట్రెక్స్ 10 పాత మోడల్, నలుపు తెలుపు తెర, రెండు పెన్సిల్ బ్యాటరీలు, ఒకరోజు వేటకు బాగా సరిపోతాయి. దాని తరవాత 2023లో ఈట్రెక్స్ ఎస్‌ఈ వచ్చింది, ఆకారం ఇంచుమించు అదే, బ్యాటరీ నూట అరవై ఎనిమిది గంటలు వస్తుందని కంపెనీ చెబుతుంది, లైటు వేసుకుని వాడే మనకు అంత రాదు కానీ పాతదానికంటే చాలా నయం. నలుపు తెలుపు తెర చూసి తక్కువ సరుకనుకోవద్దు, ఎండ ఎంత గట్టిగా పడితే ఆ తెర అంత స్పష్టంగా కనబడుతుంది, పగటి వేటకు అదే మేలు. ఈ రెండింటిలో ఏదో ఒకటి నీ డబ్బులో వస్తుంది. జీపీఎస్‌మ్యాప్ 78, 79 అనేవి ఇంకొంచెం పెద్దవి, చేత్తో పట్టుకుంటే ఫోన్ రిసీవర్‌లా ఉంటాయి, వాటి గొప్ప ఏమిటంటే నీళ్లలో పడితే తేలతాయి. ఈట్రెక్స్ తేలదు, పడితే పోయినట్టే. నీ డబ్బుకు 78, 79 అందవు, అప్పు చేసి కొనమని నేను చెప్పను. ఈట్రెక్స్ తీసుకుని వెనక ఉన్న కొక్కేనికి నైలాన్ తాడు కట్టి, రెండో కొస బోటు బద్దకు కట్టేయి. మెడలో వేసుకోవద్దు, వల లాగేటప్పుడు తాడు వలలో చిక్కుకుందంటే మనిషికే ప్రమాదం.

ఈ రెండింటి మధ్య తేడాల్లో నీకు పనికొచ్చేది దిక్సూచి. ఈట్రెక్స్ 10లో లోపల దిక్సూచి లేదు, ఎస్‌ఈలో ఉంది. దిక్సూచి లేని సెట్టులో బాణం గుర్తు నువ్వు కదులుతుంటేనే సరిగ్గా చూపుతుంది, ఎందుకంటే అది నువ్వు ఎటు పోతున్నావో చూసి దిక్కు లెక్క కడుతుంది. ఇంజను ఆపి వల దగ్గర ఊగుతూ ఉన్నప్పుడు బాణం గిరగిరా తిరుగుతుంది, కొత్తవాళ్లు సెట్టు చెడిపోయిందనుకుని హడలిపోతారు. ఇంజను వేసి ఒక వంద మీటర్లు తిన్నగా పోతే బాణం కుదురుకుంటుంది. ఏ సెట్టు కొన్నా పాతకాలం ముల్లు దిక్సూచి ఒకటి బోటులో ఉంచండి. అన్నీ ఆగిపోయిన రాత్రి పడమర ఎటుందో తెలిస్తే చాలు, మన తీరం పడమరలోనే ఉంటుంది.

డబ్బా మీద ఐపీఎక్స్ 7 అని రాసి ఉంటుంది. మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోకూడదని దాని అర్థం, కానీ ఆ పరీక్ష చేసేది మంచినీళ్లలో, కొత్త సెట్టు మీద. నా బల్ల మీదకి వచ్చే సెట్లలో ఎక్కువ భాగం చచ్చేది బ్యాటరీ మూత దగ్గరే. మొన్న ఒకటి వచ్చింది, ఆన్ కావడం లేదని. మూత విప్పితే రబ్బరు అంచులో ఒకే ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుని ఉంది, దాని పక్కనుంచే నీరు దిగి స్ప్రింగు పచ్చగా చిలుం పట్టి, బ్యాటరీ తొడుగు ఉబ్బి, ఉప్పు పొర తెల్లగా గట్టిపడి ఉంది. పాత టూత్ బ్రష్షుతో, స్పిరిట్‌తో గీకి గీకి తీస్తే బతికింది, అన్నీ అలా బతకవు. కాబట్టి బోటులో ఉండగా మూత తీయాల్సి వస్తే ముందు చేతులు, సెట్టు పొడి గుడ్డతో తుడుచుకో, రబ్బరు అంచు మీద వేలితో ఒకసారి రాసి చూడు, ఇసుక తగిలితే తెలుస్తుంది. ఇంటికొచ్చాక మంచినీళ్లతో తడిపిన గుడ్డతో పైన తుడిచి, బ్యాటరీలు తీసి పెట్టు. చవక పెన్సిల్ బ్యాటరీలు లోపలే కారిపోతాయి, ఆల్కలైన్ అని రాసి ఉన్నవి కొను, లేదా చార్జింగ్ చేసుకునే నాలుగు బ్యాటరీల జత కొనుక్కుంటే ఏడాదిలో ఖర్చు తిరిగి వస్తుంది. ఏ రకం వేశావో సెట్టింగ్స్‌లో చెప్పాలి, లేకపోతే బ్యాటరీ గీతలు తప్పు చూపి, ఇంకా సగం ఉందనుకున్నప్పుడే ఆరిపోతుంది.

సెకండ్ హ్యాండ్ కొందామా అని కూడా అడిగావు. చూసి కొంటే తప్పులేదు కానీ అంగడి లోపల నిలబడి చూడొద్దు, పైకప్పు కింద శాటిలైట్లు దొరకవు, రోడ్డు మీదకి తీసుకురా. చాలాకాలం వాడని సెట్టయితే మొదటిసారి చోటు పట్టుకోవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టు. పట్టుకున్నాక నీ ఫోన్‌లో చూపే అంకెలతో పోల్చుకో. తరవాత తేదీ చూడు. జీపీఎస్ వారాల లెక్క 1024 కాగానే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, 2019 ఏప్రిల్ 6న అలా జరిగింది, కొన్ని పాత సెట్లు అప్పటి నుంచి ఇరవై ఏళ్ల కిందటి తేదీ చూపుతున్నాయి. చోటు సరిగ్గానే చూపవచ్చు, కానీ అది ఎంత పాతదో, కంపెనీ దాని సాఫ్ట్‌వేర్ సరిచేయడం ఎప్పుడో మానేసిందని ఆ తేదీతోనే తెలిసిపోతుంది. బ్యాటరీ మూత తీసి స్ప్రింగు రంగు చూడు. ఒక్కో బటన్ పదిసార్లు నొక్కు, ఉన్న చోటును గుర్తు పెట్టే (మార్క్) బటన్ గట్టిగా నొక్కితే తప్ప పలకడం లేదంటే వదిలేయి, ఆపదలో పనికొచ్చేది ఆ బటనే.

ఫిష్ ఫైండర్ కలిసి ఉన్న చిన్న సెట్టు, స్ట్రైకర్ 4 లాంటిది, చాలామంది కుర్రాళ్లు ఇష్టపడుతున్నారు. అందులో మ్యాపు ఉండదు, చోటు గుర్తు పెట్టుకుంటుంది, లోతు, అడుగు, చేప నీడ చూపుతుంది. గాలం వేటకు, రాళ్ల మీద వంజరం కోసం పోయేవాళ్లకు బాగా పనికొస్తుంది. మీరు వలే వేస్తారు కాబట్టి ఇప్పుడు అవసరం లేదు. పైగా దానికి పన్నెండు వోల్టుల బ్యాటరీ విడిగా మోయాలి, ఉప్పు నీటికి వైర్ల జాయింట్లు పోతాయి, లోతు కొలవడానికి వెనక నీళ్లలో పెట్టే ట్రాన్స్‌డ్యూసర్ బోటును ఇసుక మీదకి లాగిన ప్రతిసారీ తగులుతుంది. ఎప్పుడైనా కొంటే మాత్రం ఫ్యూజు పెట్టకుండా బిగించొద్దు. స్టార్టర్ ఉన్న ఇంజనైతే అదే బ్యాటరీకి కలపొద్దు, స్టార్టు చేసినప్పుడల్లా వోల్టేజి పడిపోయి సెట్టు ఆగి మళ్లీ మొదలవుతుంది. అంగడాయన చూపించిన ఏడంగుళాల సెట్టు క్యాబిన్ ఉండి, రోజుల తరబడి సంద్రంలో ఉండే బోట్లకు. మీ బోటులో దాన్ని బిగించడానికి నీడ ఉన్న చోటే లేదు.

సెట్టు ఇంటికి తెచ్చాక మొదట చేయాల్సిన పని అంకెల రూపం ఒకటి ఖాయం చేసుకోవడం. దీని మీద కాస్త నిలబడి చదువు, ఎందుకంటే మనవాళ్లు పోయిన వలలు, దొరకని బోట్లు చాలావరకు ఈ ఒక్క గందరగోళంలోనే పోయాయి. అక్షాంశం, రేఖాంశం మూడు రకాలుగా రాస్తారు. డిగ్రీలు మాత్రమే దశాంశంతో రాయడం ఒకటి, ఫోన్ మ్యాపుల్లో మామూలుగా ఇలా వస్తుంది. డిగ్రీలు, నిమిషాలు రాసి నిమిషాల తరవాత దశాంశం పెట్టడం రెండోది, సంద్రం మీద బోట్లవాళ్లు, కోస్ట్‌గార్డ్ మామూలుగా మాట్లాడేది ఇదే. డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు మూడోది. ఇప్పుడు నీ సెట్టులో 13.545 డిగ్రీలు అని ఉందనుకో, అవతల మనిషి దాన్ని 13 డిగ్రీల 54.5 నిమిషాలు అని రాసుకున్నాడనుకో. నిజానికి 13.545 డిగ్రీలంటే 13 డిగ్రీల 32.7 నిమిషాలు. తేడా దాదాపు 22 నిమిషాలు, అక్షాంశంలో ఒక నిమిషమంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. అంటే నిన్ను వెతికే బోటు నీకు నలభై కిలోమీటర్ల అవతల తిరుగుతూ ఉంటుంది. ఇంత పెద్ద తప్పు కాకపోయినా, 'యాభై నాలుగు, యాభై' అని ఫోన్‌లో చెబితే అది 54.50 నిమిషాలా, 54 నిమిషాల 50 సెకన్లా అన్నది వినేవాడికి తెలియదు. ఆ రెండింటికీ ఆరువందల మీటర్ల పైన తేడా ఉంది. రాత్రి అలల్లో లైటు లేని ఫైబర్ బోటు ఆరువందల మీటర్ల దూరంలో కనబడదు తమ్ముడూ.

అందుకని సెట్టింగ్స్‌లో పొజిషన్ ఫార్మాట్ డిగ్రీలు, దశాంశ నిమిషాలు ఉన్నది పెట్టు, డేటమ్ (అంకెలు లెక్క కట్టే ఆధారం) డబ్ల్యూజీఎస్ 84 పెట్టు, సెకండ్ హ్యాండ్ సెట్లలో ఇది మారిపోయి ఉంటే మొత్తం చోటే పక్కకు జరుగుతుంది. శాటిలైట్ సెట్టింగ్‌లో వాస్ అని ఉంటే ఆన్ చేయి, గగన్ అందుకునేది దాంతోనే. నువ్వు, మీ నాయన, చిన్నాయన ముగ్గురూ అంకెలు ఒకే పద్ధతిలో చదవాలి: 'పదమూడు డిగ్రీలు, యాభై నాలుగు పాయింట్ ఐదు సున్నా సున్నా నిమిషాలు, ఉత్తరం.' డిగ్రీలు, పాయింట్, నిమిషాలు అనే మాటలు మింగొద్దు. పాయింట్ తరవాత ఒక్కొక్క అంకె విడివిడిగా చెప్పాలి. మీ చిన్నాయనకు అక్షరం రాదన్నావు, అంకెలు వస్తాయి కదా, అది చాలు.

రెండో పని మొగ పాయింటు. ఇక్కడ నాకు జరిగింది చెబుతాను. 2021 నవంబరులో తిరుపతిలో పడ్డ వానలు నీకు గుర్తుండే ఉంటాయి, స్వర్ణముఖి పొంగి ఊళ్లలోకి వచ్చింది. ఆ నీరంతా చివరికి మన వాకాడు వైపే కదా దిగేది. వరద తగ్గాక మేము మళ్లీ వేటకు పోయాం. పగలు పోయేటప్పుడు కొత్త దారి చూసుకుంటూ, గడ వేసి లోతు చూసుకుంటూ బయటపడ్డాం, కానీ నేను కొత్త పాయింటు కొట్టలేదు, పాతది సెట్టులో ఉంది కదా అనుకున్నాను. తిరిగొచ్చేసరికి చీకటి, ఈశాన్యం గాలి, అల వెనక నుంచి తోస్తోంది. సెట్టు పాత మొగ చూపింది, నేను దాన్నే నమ్మి బోటు తిప్పాను. అది చూపిన చోట ఇప్పుడు ఇసుక తిప్ప ఉంది. ఇంజను ప్రొపెల్లర్ ఇసుకలో గీరుకున్న చప్పుడు నాకింకా వినబడుతుంది. బోటు అడ్డం తిరిగింది, రెండు అలలు లోపలికి ఎక్కాయి, వలలు పోయాయి, మేమందరం నడుం లోతు నీళ్లలో దిగి తోసుకుని ఒడ్డుకు చేరాం. సెట్టు తప్పేం లేదు, అది నేను పోయినేడు చెప్పిన చోటునే చూపింది. కదిలింది నేల.

కాబట్టి ప్రతి ట్రిప్పుకూ పోయేటప్పుడు మొగ దాటుతుండగా పోయిన దారిని గీతగా దాచే ట్రాక్ రికార్డు ఆన్‌లో ఉండాలి, మొగ బయట లోతు నీళ్లలోకి రాగానే ఒక పాయింటు కొట్టాలి, దానికి ఆ రోజు తేదీ పేరు పెట్టాలి. తిరిగొచ్చేటప్పుడు ముందు ఆ బయటి పాయింటుకు రా, అక్కడ వేగం తగ్గించి, పొద్దున పోయిన గీత మీదే లోపలికి రా. ఊరి పాయింటుకు నేరుగా గో టూ (దాచిన చోటుకు దారి చూపమనడం) నొక్కితే సెట్టు తిన్నని గీత గీస్తుంది, మధ్యలో ఇసుక తిప్ప ఉందా, మన ఆర్మగాన్ లైట్‌హౌస్ ఎదుట లోతు తక్కువ నీళ్లు ఉన్నాయా అన్నది దానికి తెలియదు. పెద్ద వాన, వరద, తుపాను అయ్యాక పాత మొగ పాయింట్లన్నీ తీసేయి, ఉంచితే ఎవరో ఒకరు చీకట్లో దాన్నే నొక్కుతారు. కొండూరుపాళెం, రాయదొరువు వైపు వాళ్లకు ఈ మాట చెప్పక్కర్లేదు, పులికాట్ ముఖద్వారం పూడిపోవడం వాళ్లు కళ్లారా చూస్తున్నదే.

వల వేసేటప్పుడు రెండు కొసలకూ రెండు పాయింట్లు కొట్టు, కొట్టిన టైము కూడా చూసుకో. తేలే వల అక్కడే ఉండదు, నీటితో పోతుంది, కాబట్టి ఆ పాయింటు వెతకడం మొదలుపెట్టడానికే. ఎటు పోయి ఉంటుందో సెట్టే చెబుతుంది: వల వేసి ఇంజను ఆపాక తెర మీద వేగం, దిక్కు చూడు. ఇంజను ఆగినా ఒక నాట్ వేగం చూపుతోందంటే గంటకు 1.85 కిలోమీటర్ల చొప్పున నీళ్లూ గాలీ కలిసి నిన్ను లాగుతున్నాయని అర్థం. బోటును గాలి కూడా తోస్తుంది కాబట్టి వల అంతే దూరం పోకపోవచ్చు, కానీ దిక్కు ఇంచుమించు దొరుకుతుంది. మా నాయన ఇదే సంగతి నీళ్లలో వేలు పెట్టి, వల తాడు బిగువు చూసి చెప్పేవాడు. మీ నాయనకు కూడా వచ్చి ఉంటుంది, సెట్టు వచ్చింది కదా అని ఆయన మాట వినడం మానొద్దు, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మీకు బాగా తెలుస్తుంది.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్లు చేపలు దొరికే చోట్ల సమాచారం తెలుగులో ఇస్తారు, ఏ రేవు నుంచి ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు, అక్షాంశం, రేఖాంశం అన్నీ ఉంటాయి. నీళ్ల వేడి, నీళ్లలో పచ్చదనం శాటిలైట్‌తో చూసి లెక్క కడతారు, ఆకాశం బాగా మబ్బు పట్టిన రోజుల్లో రాకపోవచ్చు. ఆ అంకెలు సెట్టులో ఎక్కించుకునేటప్పుడు మళ్లీ పైన చెప్పిన రూపం సంగతే, వాళ్లు ఏ రూపంలో ఇచ్చారో చూసి ఎక్కించు. ఇంకో ఉపయోగం ఉంది. మన రాష్ట్రంలో తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు చిన్న పడవలది, పెద్ద మరబోట్లు అందులోకి రాకూడదు. వచ్చి మీ వల కోసుకుపోతే, 'ఇక్కడెక్కడో వచ్చారు సార్' అంటే మత్స్యశాఖ ఆఫీసులో ఎవరూ ఏమీ చేయలేరు. ఆ క్షణంలో మార్క్ నొక్కి, తెరను ఫోన్‌తో ఫోటో తీసి, బోటు నంబరు కనబడేట్టు ఇంకో ఫోటో తీస్తే అది చేతిలో ఆధారం. అలాగే శ్రీహరికోటలో ప్రయోగం ఉన్నప్పుడు పోకూడని ప్రాంతం ముందే చెబుతారు, ఆ అంకెలు ఎక్కించుకుంటే హద్దు ఎక్కడో ఊహించుకోవాల్సిన టెన్షన్ ఉండదు.

ఒక ముఖ్యమైన సంగతి. చేతి జీపీఎస్ సిగ్నల్ అందుకుంటుంది కానీ పంపదు. నువ్వు మునిగిపోతున్నా అది ఎవరికీ చెప్పదు. ఆపద కబురు పంపేది వేరే పరికరం, డాట్ అంటారు, బటన్ నొక్కితే శాటిలైట్ ద్వారా కోస్ట్‌గార్డ్‌కు చేరుతుంది, 2024లో వచ్చిన కొత్త రకంలో మన కబురు అందిందని తిరిగి జవాబు కూడా వస్తుంది. దేశం మొత్తం మీద లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు (బోటు ఎక్కడుందో ఒడ్డుకు పంపే పరికరాలు) పెట్టే 364 కోట్ల పథకం కూడా 2024 ఆగస్టులో మొదలైంది, మోటారు బోట్లు కూడా అందులో ఉన్నాయి. మీ సచివాలయంలో మత్స్య సహాయకుణ్ణి అడుగు, బోటు రిజిస్ట్రేషన్ కాగితాలు సరిగ్గా పెట్టుకుని అడుగు. టవర్ అందే దూరంలో ఉంటే కోస్ట్‌గార్డ్ నంబరు 1554, ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి, సెట్టు వెనక కూడా చెరగని పెన్నుతో రాసి పెట్టు.

దుబాయ్‌లో ఉన్న బావ శాటిలైట్‌తో మెసేజ్ పంపే ఇన్‌రీచ్ సెట్టు తెస్తానన్నాడని రాశావు. తేవద్దని ఈ రోజే చెప్పు. మన దేశంలో లైసెన్సు లేకుండా శాటిలైట్ ఫోన్లు, అలాంటి మెసేజ్ సెట్లు దగ్గర పెట్టుకోవడం నేరం, తెలియక తెచ్చుకున్న విదేశీ టూరిస్టులను కూడా విమానాశ్రయాల్లో పట్టుకున్నారు. ఈట్రెక్స్ లాంటి ఉత్త జీపీఎస్‌కు ఆ ఇబ్బంది లేదు.

ఇప్పుడు నీ పదిహేను వేలు. సెట్టు బిల్లుతో, వారంటీ కార్డుతో కొను, రెండు మూడు అంగళ్లలో ధర అడుగు, ఒకే సెట్టుకు బాగా తేడా చెబుతారు. ఎస్‌ఈ అందితే అది, లేకపోతే ఈట్రెక్స్ 10. ఎస్‌ఈకే మొత్తం డబ్బు అయిపోయేట్టుంటే 10తో సరిపెట్టుకుని మిగిలింది ఇలా పెట్టు: చార్జింగ్ బ్యాటరీలు నాలుగు, చార్జర్, అవి అయిపోతే వేయడానికి ఆల్కలైన్ జత ఒకటి గాలి పోని డబ్బాలో, ముల్లు దిక్సూచి, తాడు, ఫోన్‌కు జిప్ కవర్. ఇంకా మిగిలితే మంచి టార్చి లైటు. ముగ్గురికీ లైఫ్ జాకెట్లు లేకపోతే ముందు అవి, సెట్టు వచ్చే నెల.

కొనడానికి మంచి సమయం వేట నిషేధం రోజులు, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు బోటు ఒడ్డునే ఉంటుంది. ఆ రోజుల్లో సాయంత్రం సెట్టు పట్టుకుని ఇంటి గుమ్మం దగ్గర ఒక పాయింటు కొట్టు, ఇసుకలో కిలోమీటరు నడిచి పో, చీకటి పడ్డాక గో టూ నొక్కి తెర మాత్రమే చూస్తూ తిరిగి రా. తరవాత మీ నాయన చేత చేయించు, చిన్నాయన చేత చేయించు. పది రోజులు చేస్తే చూడకుండానే వేలు బటన్ మీదకి పోతుంది. మనిషి పడిపోయాడని అరవగానే ముందు మార్క్ నొక్కడం, తరవాత బోటు తిప్పడం, ఇది కూడా ఒడ్డునే అలవాటు చేసుకోండి, ఒకరు అరవాలి, ఇంకొకరు నొక్కాలి.

సెట్టు కొన్నాక ఫార్మాట్ ఎక్కడుందో దొరక్కపోతే సెట్టింగ్స్ తెర ఫోటో తీసి పంపు, ఏది నొక్కాలో గీత గీసి పంపిస్తాను. సూళ్లూరుపేట వైపు వస్తే సెట్టు పట్టుకుని రా, మూత రబ్బరు చూసి, అంకెల రూపం సరిచేసి ఇస్తాను, దానికి డబ్బులేమీ వద్దు. వచ్చేటప్పుడు చిన్నాయనను కూడా తీసుకురా, అంకెలు చదవడం ఆయన చేతే చేయిద్దాం.